వల దాటని వరహాలమ్మ గారు

బడికి బయలుదేరుతుంటే ఫోను వచ్చింది. మా దీవిలోని ఆస్టినాబాద్ పైన కొండవాలులో వరహాలమ్మ గారు జారిపడ్డారనీ, ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయిందనీ అవతలి గొంతు చెప్పింది. అంతకుముందు సాయంత్రమే ఆవిడ నన్ను చీవాట్లు పెట్టారు. అంత కోపం ఉన్న మనిషి తెల్లారేసరికి లేకుండా పోవడమేమిటి? ఈ వాక్యాలు రాస్తున్నప్పుడు కూడా నాకు నమ్మశక్యంగా లేదు.

నాకు విజ్ఞానశాస్త్రం నేర్పిన గురువు ఆవిడ. తరువాత అదే బడిలో నేనూ పంతులమ్మనయ్యాను. ఉత్తరాంధ్ర నుంచి సముద్రం దాటి వచ్చి స్థిరపడిన కుటుంబంలో, ఈ దీవిలోనే పుట్టి, ఈ నీళ్ళే తాగి పెరిగారు. పదవీ విరమణ చేశాక విశ్రాంతి తీసుకోమంటే కసురుకునేవారు.

మొన్నటి ఎండాకాలంలో ఎవరో తోట శుభ్రం చేసుకుంటూ ఎండుటాకులకు పెట్టిన నిప్పు కొండ మీదికి పాకింది. చెట్టూ చేమా సర్వం భస్మమైంది. తొలి వానకే బూడిదా బురదా కిందికి జారి, పల్లపు ఇళ్ళవాళ్ళు నీళ్ళు తాగే కొండవాగు, మా నాలా, నల్లబడింది. పిల్లలకు వాంతులు పట్టుకున్నాయి. ఆవిడ ఆ నీటిని గాజుగ్లాసులో పట్టి, సున్నా మార్కులొచ్చిన పేపరును చూసినట్టు చాలాసేపు చూశారు. కొండ మళ్ళీ పచ్చబడితేగాని నీరు బాగుపడదనీ, అంతవరకు మట్టిని పైనే ఆపాలనీ అన్నారు.

చిరిగిన చేపల వలల్లో కొబ్బరి డొక్కలు కుక్కి, వాన నీటికి కోసుకుపోయిన గండ్లకు అడ్డంగా బిగించి, వాటి వెనక గడ్డి నాటాలన్నది ఆవిడ ఉపాయం. ఫీనిక్స్ బే జెట్టీ దగ్గర డొక్కలు ఏరి గోనెల్లో నింపుకొని బస్సెక్కేవారు. కండక్టరు ఒకసారి లగేజీ టికెట్టు అడిగితే, తాగే నీళ్ళు నీకక్కర్లేదా భయ్యా అని నిలదీశారట. ఆ తరువాత అతనే గోనెలు ఎక్కించేవాడు.

వలలు దొరకడమే కష్టమైంది. మా మత్స్యకారులకు వల దైవంతో సమానం. ఆడవాళ్ళు దాన్ని దాటకూడదు. చిరిగినదైనా అంతే. వాళ్ళ పెద్ద ఎర్రన్న ఆ షరతు మీదే వలలు ఇచ్చాడు. ఆనాటి నుంచి ఒక్క అడుగు వేస్తే సరిపోయే చోట కూడా ఆవిడ ముళ్ళపొదల్లోంచి చుట్టూ తిరిగేవారు. ఆవిడ వెంట గడ్డి నాటడానికి వెళ్ళే మా ఆడవాళ్ళందరికీ అదే నియమం. నాకు ఒళ్ళు మండేది. జన్మంతా సైన్సు చెప్పి ఇదేం చాదస్తమని ఆ చివరి సాయంత్రం అడిగేశాను.

"నా నమ్మకం సంగతి ఎవరడిగారమ్మా? మాటిచ్చాను. సముద్రంలోకెళ్ళేది వాళ్ళు, భయం వాళ్ళది. ఎవరూ చూడట్లేదని దాటేస్తే, నాలాలో చెత్త పారేసేవాళ్ళకీ నాకూ ఫరక్ ఏముంది?" అన్నారు.

ఆ రాత్రంతా వాన కురిసింది. కట్టలు నిలిచాయో లేదో చూడడానికి పొద్దున్నే ఒక్కరే వెళ్ళారు. కట్టలన్నీ నిలిచాయి. వల దాకా వచ్చి పక్కకు తిరిగిన ఆవిడ అడుగుజాడలు బురదలో స్పష్టంగా ఉన్నాయి. ఆ చుట్టుదారిలోనే మట్టి జారింది.

కర్మకాండ ముగిసిన మర్నాడు, మిగిలిన గడ్డి నాటడానికి మేమంతా కొండెక్కాము. ఎర్రన్న వల దగ్గర కూలబడ్డాడు. "దాటీసుంటే ఏటయ్యేది దీదీ? నానేటైనా అనీవోణ్ణా?" అని పోయిన మనిషిని అడుగుతూ ఏడ్చాడు. కాసేపటికి మావైపు తిరిగాడు.

"ఇంక మీరు దాటండమ్మా. నాను సెప్తన్నాను."

ఆ మాట కోసమే కదా ఇన్నాళ్ళూ విసుక్కున్నాను. పాదం ఎత్తాను. ముందుకు వేయలేకపోయాను. నా వెనక ఉన్నవాళ్ళలో ఎవరూ వేయలేదు.

నాలా నీరు ఇంకా తేరుకోలేదు. ఎప్పటికైనా తేరుకుంటుందేమో గాని, ఇచ్చిన మాటకు ఇంతగా కట్టుబడిన ఆ ధన్యజీవి మాకు మళ్ళీ దొరకరు. మట్టి జారిన చోట ఎర్రన్న తన పడవ తాడు కట్టాడు. గడ్డి మోపులతో, ఆ తాడు పట్టుకొని, అందరం చుట్టూ తిరిగే వెళ్ళాము. ముందు నడవడానికి ఆవిడ లేరు.