నాలుగింటికే కొట్టించిన గంట

పన్నెండేళ్లుగా ఒక అబద్ధం నా గొంతులో ఉంది. మింగలేదు, ఉమ్మలేదు. ఇవాళ మీకు చెబుతున్నాను. జాలిపడకండి. నాకు కోపం వస్తుంది.

పంతొమ్మిదివందల యాభైల చివర్లో, వరంగల్‌లో పత్తి లారీలు తిరిగే రోడ్డు పక్కన ఒక చిన్న బడికి నేను పెద్ద పంతులమ్మను. మా ఆయన డోర్నకల్ రైల్వేలో. బడి నాలుగున్నరకు వదిలితే శనివారం రైలు అందేది కాదు. అందుకని శనివారాలు నాలుగింటికే గంట కొట్టమన్నాను. పైవాళ్లకు రాయలేదు. తల్లిదండ్రులకు చెప్పలేదు. మొగుణ్ణి చూడాలనుకోవడం తప్పా? కాదు. ఇప్పటికీ కాదనే అంటాను.

రోజూ గదులకు తాళాలు నేను వేసేదాన్ని. ఆయా మరియమ్మ రోడ్డు మధ్యలో చేతులు చాపి నిలబడి పిల్లల్ని దాటించేది. మొదటి శనివారమే తాళాలు ఆమె చేతిలో పెట్టాను.

"అమ్మా, నాలుగింటికి లారీలు ఒకదానెనుక ఒకటి వస్తయి. నేను తాళాలేస్తాంటే పిల్లలను ఎవరు దాటిస్తరు? జర ఆగుండ్రి."

"చెప్పింది చెయ్యి మరియమ్మా," అని రిక్షా ఎక్కాను.

వెనక బ్రేకు చప్పుడు, ఆ వెంటనే పిల్లల ఏడుపు. రిక్షా అతను ఆపబోయాడు. పోనిమ్మన్నాను. ఇది మరియమ్మకు కూడా తెలియదు.

రెండో తరగతి కమలను లారీ గుద్దింది. దవాఖానలో కుడికాలు మోకాలి కింద తీసేశారు.

సోమవారం బళ్ల తనిఖీ అధికారి వచ్చి, గంట ముందే ఎందుకు కొట్టారని అడిగాడు. "మరియమ్మకు గడియారం చూడటం రాదండి" అన్నాను. ఆమెకు ఆ గడియారం చూడటం నేర్పింది నేనే. గుమ్మంలో నిలబడి ఆమె అంతా విన్నది. నేను నిజం చెప్తానని ఎదురుచూసిందా? మర్నాడే ఆమెను పనిలోంచి తీసేశారు. తొర్రూరులో చెల్లెలింటికి పోయి, అక్కడే కన్నుమూసింది.

భయపడ్డాననీ, వయసు చిన్నదనీ సాకు చెప్పను. ఏం చేస్తున్నానో తెలిసే చేశాను. దేవుడు క్షమిస్తాడని పాస్టరుగారు అనొచ్చు. కాలు పోయింది దేవుడికి కాదు కదా!

మొన్న బస్టాండులో కమల కనబడింది. చంకలో కర్ర, పక్కన పెనిమిటి. "మరియమ్మవ్వ గంట సరిగ్గ కొట్టుంటే నాకీ గతి పట్టకపోవు టీచరమ్మా" అంది. అప్పుడూ నిజం చెప్పకుండా బస్సెక్కాను. కానీ నిన్న పొద్దున ఆమె ఇల్లు వెతుక్కుంటూ పోయాను. బీడీలు చుడుతోంది. నిలబడే అంతా చెప్పాను, రిక్షా సంగతితో సహా.

చేతిలోని బీడీకి దారం చుట్టి పక్కన పెట్టింది.

"పోండ్రి" అంది.

వచ్చేశాను. క్షమించమని అడగలేదు, అడగను. ఇంటికొచ్చి అన్నం వండుకున్నాను. ఎన్నాళ్లకో ఆకలేసింది. కడుపునిండా తిన్నాను. అందుకూ సిగ్గుపడను.