గొరిల్లా అడవి గుమ్మం దాకా నాయనతో

మార్కాపురంలో మాది పలకల దుకాణం. పలకలతో పాటు బడిపిల్లల చార్టులు కూడా అమ్ముతాం. జంతువుల చార్టు కొన్నవాళ్ళకు అందులోని గొరిల్లా బొమ్మ చూపించి, "ఇదుందే, అచ్చం మనిషి మాదిరే ఉంటాదంట" అని చెప్పకుండా మా నాయన ఎవరినీ పంపడు. నా చెల్లెలు లత మొగుడు రమేష్ మధ్య ఆఫ్రికాలోని గాబన్ దేశంలో ప్లైవుడ్ కంపెనీలో పనిచేస్తున్నాడు. అక్కడికి రమ్మని వాళ్ళు పిలిచినప్పుడు నాయన అడిగింది ఒక్కటే. "అల్లుడూ, గొరిల్లాలు ఉండేది ఆడనేనా?" ఆ మాట మీదే బయల్దేరాం. నాయన గొరిల్లాను చూడలేదు. ఎందుకు చూడలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. కోపం చల్లారాక రాద్దామని ఇన్నాళ్ళూ ఆగాను. చల్లారే రకం కాదని ఇప్పుడు తెలిసింది.

ముందు దారి చెప్తాను. మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో రైలెక్కి బెంగళూరు, అక్కణ్ణించి విమానంలో అడిస్ అబాబా, అక్కడ విమానం మారి గాబన్ రాజధాని లిబ్రవిల్. ఎల్లో ఫీవర్ టీకా కార్డు లేకపోతే దిగనివ్వరు, కాబట్టి టీకా కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి. వయసు మళ్ళినవాళ్ళు డాక్టరును అడిగి మరీ వేయించుకోవాలి. మేము ఫిబ్రవరిలో వెళ్ళాం, బడుల బేరం లేని కాలం కదా. చంటిబిడ్డతో లత లిబ్రవిల్‌లోనే ఉండిపోయింది. రమేష్, నేను, నాయన, మాతో పాటు రమేష్ వాళ్ళ జనరల్ మేనేజరు. ఆయన ఫ్రెంచివాడు. గొరిల్లాల దగ్గరికి ఒక జట్టులో నలుగురినే పంపుతారు, అట్లా నాలుగో మనిషిగా ఆయన కలిశాడు. పర్మిట్ మనిషికి మన డబ్బులో నలభై వేల పైమాటే, నెలల ముందు రాయించుకుంటే తప్ప దొరకదు. చిన్న విమానంలో పోర్ట్ జాంటీ, అక్కణ్ణించి పడవలో సగం రోజు పోతే కాయల్ ఒడ్డున, అంటే సముద్రాన్ని ఆనుకుని ఉండే ఉప్పునీటి సరస్సు ఒడ్డున, క్యాంపు వస్తుంది.

మొదటి రోజు సాయంత్రం గైడు ఓండో మమ్మల్ని సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్ళాడు. అడవి నేరుగా ఇసుకలోకి వచ్చి ఆగిపోతుంది. రెండు ఏనుగులు, ఒక పిల్ల, తాపీగా అలల పక్కన నడిచిపోతున్నాయి. "వీటికి సముద్రంతో ఏం పనమ్మా?" అని నాయన నన్నడిగి, తనే నవ్వుకున్నాడు. ఆ పూట ఆయన మొహం చూసి, పెట్టిన ఖర్చంతా వచ్చేసిందనుకున్నాను. రాత్రి భోజనాల దగ్గర ఉడకబెట్టిన అరటికాయల్లో మేము తెచ్చుకున్న కందిపొడి కలుపుకుని తిన్నాం. తిన్నాక నాయన అలవాటుగా ముక్కుపొడి డబ్బా తీశాడు. రమేష్ పక్కకు వంగి, "మామా, అది లోపల పెట్టు. సారు చూస్తాడు" అన్నాడు. నాయన డబ్బా జేబులో పెట్టుకున్నాడు. నాకప్పుడే ఒళ్ళు మండింది, కానీ పరాయి దేశంలో అల్లుడితో రగడ ఎందుకని ఊరుకున్నాను.

జలుబు, దగ్గు ఉన్నవాళ్ళను గొరిల్లాల దగ్గరికి పంపరు. మన జలుబు వాటికి అంటుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఆ నియమం మంచిదే, దాన్ని నేను తప్పుపట్టను. పొద్దున ఆరింటికి మాస్కులు పంచుతున్నారు. నాయన ఎవరూ చూడకుండా గుడిసె వెనక ఒక పట్టు ముక్కుపొడి పీల్చి వచ్చాడు. సరిగ్గా అడుగు బయట పెట్టేటప్పుడు తుమ్మాడు. మనవాళ్ళు ఏం చేస్తారు? బయల్దేరేటప్పుడు తుమ్మితే కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి లేస్తారు. నాయనా అంతే చేశాడు. మెట్టు మీద కూర్చుని, "అమ్మా, రవ్వొన్ని నీళ్ళియ్యి" అన్నాడు. ఓండోకు కనిపించింది ఏమిటి? ముసలాయన తుమ్మాడు, కూలబడ్డాడు, నీళ్ళడిగాడు.

ఓండోకు ఫ్రెంచి తప్ప రాదు. రమేష్‌తో ఏదో అడిగాడు. మేనేజరు కూడా అటే చూస్తున్నాడు. రమేష్ గొంతు మీద చెయ్యి పెట్టుకుని రెండు ముక్కలు చెప్పాడు. ఓండో తల అడ్డంగా ఊపి, నాయన భుజం తట్టి మాస్కు వెనక్కి తీసుకున్నాడు.

"ఏందంట?" అన్నాను.

"తుమ్మితే రానీయరంట వదినా. రూలు. నేనేం చేసేది?" అన్నాడు రమేష్.

"ముక్కుపొడి అని చెప్పినావా?"

"అన్నీ చెప్పినా. వినట్లేదు."

నేను నాయనతో ఆగిపోయాను. రమేష్, మేనేజరు ఓండో వెంట చెట్లలోకి వెళ్ళిపోయారు.

క్యాంపులో వంటామె కామెరూన్ మనిషి, ఫ్రెంచితో పాటు ఇంగ్లీషూ వచ్చు. పది గంటలప్పుడు కాఫీ తెచ్చి, "మీ నాన్నకు జలుబు తగ్గిందా?" అని అడిగింది. జలుబు లేదని, అది ముక్కుపొడి అని చెప్పాను. ఆమె ఆశ్చర్యపోయింది. "రెండు రోజులుగా జలుబని మీవాళ్ళే చెప్పారుగా? నేను అక్కడే ఉన్నాను. పొడి అని చెప్పుంటే ఓండో కాసేపు ఆగి చూసేవాడు. వాళ్ళ తాత కూడా పీల్చేవాడు" అంది.

ఊగిపోతూ నాయన దగ్గరికి వెళ్ళి ఆ మాట చెప్పాను. ఆయన కాయల్ వైపు చూస్తూ కూర్చున్నాడు.

"తెలుసులే. అల్లుడు గొంతు పట్టుకుని చూపించినాడు. డబ్బా సైగ చెయ్యలా" అన్నాడు.

"మరి అప్పుడే డబ్బా తీసి చూపించొద్దా నాయనా? ఎందుకు ఊరుకున్నావు?"

"ఆ సారు ముందర అల్లుడిని అబద్ధాలోణ్ణి చెయ్యమంటావా? నువ్వు గానీ నోరు తెరిచినావంటే చూడు. ఆడ లత ఉంది."

మూడింటికి వాళ్ళు బురదకాళ్ళతో తిరిగొచ్చారు. మర్నాటి పర్మిట్లు ఎప్పుడో అయిపోయాయి, అడిగి లాభం లేదు. రమేష్ గబగబా వచ్చి నాయన పక్కన కూర్చుని ఫోను తీశాడు. "చూడు మామా, ఎంత దగ్గరగా వచ్చిందో! ఇది పిల్లతల్లి." నాయన కళ్ళజోడు సర్దుకుని ప్రతి ఫోటో చూశాడు. "బాగుంది నాయనా, శానా బాగుంది" అన్నాడు. నేను లేచి అవతలికి వెళ్ళిపోయాను. అక్కడే ఉంటే ఆ ఫోను కాయల్లోకి విసిరేసేదాన్ని.

అటు వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒకే సలహా. ముక్కుపొడి కానీ, ఆస్తమా కానీ, దుమ్ము పడకపోవడం కానీ, మీ ఒంటి సంగతి ఫ్రెంచిలో రాయించుకుని జేబులో పెట్టుకోండి. దాన్ని ముందు రోజే మీ చేత్తో గైడుకు ఇవ్వండి. మీ తరఫున చెప్పే పని చుట్టాలకు అప్పగించొద్దు, వాళ్ళకు కాపాడుకోవలసిన పరువులు వేరే ఉంటాయి.

అడవిని నేనేమీ అనను, ఓండోనూ అనను. ఇంట్లోవాడు సిగ్గుపడితే పోయేది మన కోరికేనని తెలుసుకోవడానికి అంత దూరం పోవాల్సొచ్చింది. మొన్న ఎదురు దుకాణం ఆయన వచ్చి, "ఏం బావా, గొరిల్లాను చూసినావా?" అని అడిగాడు. నేను లోపల సరుకు సర్దుతున్నాను. నాయన నా వైపు ఒకసారి చూసి, ఆయనతో అన్నాడు: "చూడకేం? మా అల్లుడు దగ్గరుండి చూపించినాడు."