గెన్సుకె తలలో నువ్వుగింజ

జపానులోని మా షిమొనొసెకిలో విషముండే ఫుగు చేప కోసేవాళ్లకి భయమంటే తెలియదంటారు. ఉత్త మాట. గెన్సుకె కొట్టు పక్కనే నా టోఫు కొట్టు, అతని భయం నేను చూశాను.

షష్టిపూర్తికి అతని కూతురు ఆనవాయితీగా ఇచ్చే ఎర్ర చొక్కాతో పాటు మెదడు పరీక్ష టికెట్టు కూడా పంపింది. పెద్దవాళ్లకి ఇలాంటి పరీక్షలు కానుకివ్వడం ఇక్కడి పిల్లలకి అదో ముచ్చట. మనిషికి తలనొప్పయినా లేదు. సరదాగా వెళ్లి యంత్రంలో పడుకున్నాడు. తలలో ఒక రక్తనాళం పక్కకి నువ్వుగింజంత ఉబ్బి కనబడింది.

ఆ ఫోటో తెచ్చి నా బల్ల మీద పరిచాడు.

"చూడవోయ్, కొమ్మకి మొగ్గ తొడిగినట్టు లేదూ? ఎప్పట్నుంచి ఉందో డాక్టరుకే తెలీదట. దీన్ని మోసుకుంటూనే తిరిగానన్నమాట!"

అలాంటిదానికి మురిసిపోతుంటే నాకు ఒళ్లు మండింది. అయినా నేనూ వంగి చూశాను.

మర్నాటికి అతని ముచ్చట తీరిపోయి, అది పగిలితే ప్రాణం పోతుందని భయం పట్టుకుంది. తీయించేస్తానన్నాడు. డాక్టర్ మినోవా వద్దంది. పగిలే అవకాశం చాలా తక్కువ, కోస్తే కుడిచెయ్యి పడిపోవచ్చు, ఏడాదికోసారి చూసుకుంటే చాలు అంది. వింటేనా! ఫుగు కడుపులో విషమున్న భాగం కనబడితే తీసి, ఎవరి చేతా పడకుండా తాళంపెట్టెలో పడేయడమే అతను జీవితమంతా చేసిన పని. కనబడ్డదాన్ని వదిలేయడం ఆ చేతికి రాదు.

భార్య ఫుసాయె గిన్నెలు కడుగుతూ విని విని తిరగబడింది.

"నాకు పని నేర్పేటప్పుడు ఏమని తిట్టేవారండీ? గుడ్లసంచి దాని మానాన అది ఉంటుంది, నీ కత్తి తగిలితేనే చేపంతా విషం అనలేదూ?"

"అది చేప."

"మీ తల చేపకంటే గట్టిదా? ఆ చెయ్యి పడిపోతే కొట్లో కూర్చుని ఈగలు తోలుకుంటారా?"

గెన్సుకె కుడిచెయ్యి ముడిచి, తెరిచి చూసుకున్నాడు. ఆపరేషను మాట మళ్లీ ఎత్తలేదు. కానీ ఏడాదంతా కత్తి పట్టినప్పుడల్లా ఆ గింజే గుర్తొచ్చేదట.

రెండో ఫోటోలో గింజ పెరగలేదు. ఆ వారమే మినోవా అతని కొట్టుకి భోజనానికొచ్చింది. ఉత్తరాది పిల్ల, ఫుగు ఎన్నడూ తినలేదు. పల్చటి పచ్చి ముక్కలు ముందు పెడితే తినే పుల్లలు పట్టుకుని ఆగిపోయింది.

"ప్రమాదమేం లేదుగా?"

"లేదని చెప్పలేను డాక్టరుగారూ. చాలా తక్కువ."

ఆవిడ నవ్వబోయి నవ్వలేకపోయింది. పుల్లలు కింద పెట్టింది.

"నేనన్న ఈ మాటే పట్టుకుని ఏడాది గడిపారా మీరు?"

"గడిపాను. తినండి, చల్లగా ఉండగానే బావుంటుంది."