నీళ్ళకు మూలలుంటాయా?

ఇవాళ పొద్దున సూర్యాపేటలో మా ఇంటి ముందు నల్లా పైపు వేయడానికి మట్టి తవ్వారు. ఆ పచ్చి వాసన ఇంట్లోకి రాగానే నాకు కోపం వచ్చింది. ఎవరూ అడగని చోట తవ్వుతారు. ఇన్నేళ్ళుగా నేను తవ్వమని మొత్తుకుంటున్న చోట మాత్రం గడ్డపార పడదు. నా మాట పెడచెవిన పెట్టిన ప్రతివాడి ముఖమూ నాకు గుర్తుంది.

మిర్యాలగూడ దగ్గర మా ఊళ్ళో లింగయ్య పంతులుగారు చిన్నపిల్లలకు చదువు చెప్పేవారు. పలకలు అందరికీ ఉండేవి కావు. అందుకని మమ్మల్ని ఊరంతా తిప్పి ఆకారాలు చూపించేవారు. ఇసుర్రాయి గుండ్రం. తలుపుకు నాలుగు మూలలు. నేల మీద ఏదైనా ఆకారం దొరికితే వరసగా దాని అంచు వెంట నడవాలి, మూల వచ్చినచోట చప్పట్లు కొట్టాలి. ఒకనాడు వాగులో రాళ్ళు ఏరించి, "వీటికి మూలలున్నయా?" అని అడిగారు. లేవన్నాం.

"నీళ్ళు మూలలు పెట్టయి బిడ్డా. సక్కటి మూల కనబడ్డదంటే గాడ మనిషి చెయ్యి పడ్డట్టే."

"మరి మా మేక కొమ్ములకు మొనలున్నయి గద సారూ, గవి ఎవలు చెక్కిండ్రు?" అన్నాను.

"నీకు గూడ మొలుస్తయి, ఆగు," అని నవ్వారు.

ఊళ్ళన్నీ గడబిడగా ఉన్న రోజులవి. ఒక మధ్యాహ్నం తుపాకులు పట్టుకున్న మనుషులు మా పటేలు అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగారు. మరునాటి నుంచి పంతులుగారు లేరు. "బెజవాడ పోయిండు, వస్తడు," అని పటేలు పంతులుగారి భార్య యశోదమ్మకు చెప్పాడు. ఆయన చెప్పులు మాత్రం బడి గుమ్మం దగ్గరే ఉన్నాయి.

వానలు పడ్డాక పిల్లలం పటేలు బీడుకు మేకలను తోలుకుపోయాం. పటేలు కొడుకు రాఘవులు కూడా మాతో వచ్చాడు. ఒకచోట నేల కొత్తగా కుంగి, పొడుగ్గా నీళ్ళు నిలిచాయి. ఆకాశం అందులో కదలకుండా ఉంది. ఎవరూ చెప్పకుండానే మేం వరస కట్టాం. అంచు వెంట నడిచాం. మూల మూలకూ చప్పట్లు కొట్టాం. ఆఖరి చప్పుడు ఆగాక కప్ప కూడా అరవలేదు. ఒక్క మేకా ఆ నీళ్ళలో మూతి పెట్టలేదు. వెనక్కి తిరిగితే పటేలు నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో తెలియదు.

"ఏం జేస్తున్నరు రా గీడ?"

"మూలలు సూస్తున్నం పటేలా."

"వాన నీళ్ళు నిలిచినయి. ఇగ నడువుండ్రి."

"నీళ్ళకు మూలలుంటయా?" అన్నాను.

చెంప పగిలింది. మరునాడు ఆ గుంట కనబడలేదు. దాని మీద బండ్లతో రాళ్ళు తెచ్చి కుప్ప పోశారు. గుండ్రంగా.

పెద్దయ్యాక మిర్యాలగూడలో, సూర్యాపేటలో, కోదాడలో ఎక్కని కచేరీ మెట్టు లేదు. కోదాడలో ఒక గుమాస్తా, "చిన్నప్పుడు చూసిన గుంటకి ఇప్పుడు విచారణేంటండీ? టీ తాగి వెళ్ళండి," అన్నాడు. నేను తాగలేదు. యశోదమ్మ చనిపోయేదాకా బొట్టు పెట్టుకునే ఉంది. తుడుచుకోవాలో వద్దో ఆమెకు చెప్పినవాడు లేడు. నాకు మాత్రం ఇప్పటికీ ఏ కొత్త చోటికి వెళ్ళినా కళ్ళు ముందు మూలలను వెతుకుతాయి. బీడు నేల కనిపిస్తే అరచేతులు వాటంతటవే దగ్గరికొస్తాయి.

పటేలు పోయాడు. రాఘవులూ, ఇప్పుడు ఆ బీడు నీది. ఆ రాళ్ళు తీయించి, నా ఎదుట తవ్విస్తావా, తవ్వించవా? కింద ఏమీ లేదంటావా, ఆ మాట నా ముఖం మీదే చెప్పు. ఏదో ఒకటి చెప్పు.