బొటనవేలు చూసి నవ్వాలి

కొబ్బరినూనెలో ముద్దకర్పూరం కరిగిస్తే వచ్చే వాసనను లోకమంతా నొప్పుల వాసన అనుకుంటుంది. మా ఇంట్లో అది హాస్యం వాసన. మొన్న ఆదివారం అటక మీది రేకుపెట్టె దించి, మా నాన్న దూది బనీను ఎండలో వేద్దామని విప్పితే, ఇన్నేళ్ల తర్వాత కూడా అదే వాసన గుప్పున లేచి, ఎచ్చెర్లలో రెండు గదుల వాటాలో ఉంటూ కాలేజీలో పాఠాలు చెప్పుకుని బతికే నన్ను ఒక్క తోపుతో పొందూరు సందులోకి నెట్టేసింది.

మా నాన్న సింహాచలం నాటకాల్లో హాస్యగాడు, సినిమాల్లో పడేవాడు. రెండు పనులకీ కలిపి ఊరివాళ్లు పొదుపుగా ‘దొల్లుడు సింహాచలం’ అని ఒకే పేరు పెట్టుకున్నారు. నిచ్చెన మీంచి, ఎడ్లబండి మీంచి, పెళ్లిపందిరి రాట మీంచి ఆయన పడని ఊరు మా చుట్టుపక్కల తక్కువ. అమ్మ నూలు వడికేది. ఎండు వాలుగచేప దవడతో పత్తిని దువ్వి, గింజ తీసి, ఏకి, వాకిట్లో చాప మీద రాట్నం ముందు కూర్చుని తీసిన ఆ సన్నని నూలు పంచెలై ఎక్కడెక్కడి పెద్దమనుషుల భుజాల మీదికో వెళ్లేది. ఏకగా మిగిలిన పొట్టిదూదిని అమ్మ పాతచీర గుడ్డలో కూరి, గళ్లు గళ్లుగా కుట్టి, నాన్న చొక్కా లోపల తొడుక్కునే బనీను చేసేది. మేలురకం ఊరి బయటికి, మిగిలింది మా నాన్న వీపుకి. ఇందులో అన్యాయం ఉందని మాకెప్పుడూ తోచలేదు. పని లెక్కన చూస్తే, ఆ పంచెలకన్నా బనీనే ఎక్కువ మోసింది.

వరికోతలు అయ్యాక కళ్లాల్లో గడ్డికుప్పలు లేచే రోజుల్లో మా సందు పిల్లలకు తొక్కుడుబిళ్లా గచ్చకాయలూ చేదెక్కేవి. అందరం చేరి పడుడాట ఆడేవాళ్లం. పొద్దున్న తాగిన చోడి అంబలి కడుపులో గుడగుడలాడుతుంటే కుప్ప ఎక్కడం, వెనక్కి వాలడం, ఒంటినిండా నూగు దురద పెట్టుకుని ఇంటికి పోయి తిట్లు తినడం. నాన్న అరుగు మీద కూర్చుని జీడిపిక్కలు కాలుస్తూ, నల్లబడిన వేళ్లతోనే మాకు తప్పులు దిద్దేవాడు. ఇతరుల ఇళ్లలో తండ్రులు పిల్లలకు పడకుండా నడవడం నేర్పుతారని నాకు బడిలో చేరాక తెలిసింది.

“సెయ్యి ముందెట్టకే గుంటా, ఇరిగిపోద్ది. బుజం మీద వాలు. పడీముందు నేలకి సెప్పాల, వస్తన్నానని. సెప్పకుండా ఎల్తే సుట్టమైనా మర్యాద సెయ్యదు.”

ఆయన నిజంగానే చెప్పేవాడు. ఏ ఊళ్లో ఆట అయినా ముందుగా వంగి నేలను అరచేత్తో తాకి, పెదవులు కదిపి, అప్పుడు పైకెక్కేవాడు.

భీమిలి ఒడ్డున సినిమావాళ్లు దిగినప్పుడూ, కొత్తవలస దగ్గర రైలు సన్నివేశాలు తీసినప్పుడూ ఆయనకు కబురొచ్చేది. వెండితెర మీద మా నాన్న ముఖం ఏనాడూ కనపడలేదు, వీపు మాత్రం చాలాసార్లు కనపడింది. ఒకసారి శ్రీకాకుళంలో మ్యాట్నీకి వెళ్తే, పసుపు చీర కట్టుకున్న హీరోయిను కదిలే బండి మీంచి ఇసకలో దొర్లిపోతోంది. నేను బెంచీ ఎక్కి “మా నాన! మా నాన!” అని కేకపెట్టాను. వెనక కూర్చున్నావిడ “ఏటే, ఆ పిల్ల మీ నానేటి?” అని నెత్తిమీద మొట్టింది. అమ్మ మాత్రం తెర వంకే చూస్తూ ఊపిరి బిగబట్టి ఉంది, ఆ పడడం అయిపోయి ఆరునెలలైనా, ఆ పడ్డ మనిషి పక్కనే కూర్చుని వేరుశెనగలు ఒలుచుకుంటున్నా.

అమ్మ భయం చూసే మా ఇంట్లో ఒక నియమం పుట్టింది. నాటకంలో పడ్డాక నాన్న కదలకుండా ఉంటాడు, జనం గుండె జారాలి గనక. ఆ పైన ఎడమకాలి బొటనవేలు రెండుసార్లు ఆడిస్తాడు. బాగానే ఉన్నానని దానర్థం. తెర పక్కనుంచి అమ్మ అది చూసి ఊపిరి వదులుతుంది, ముందు వరసలోంచి నేను చూసి నవ్వుతాను. ఎవరో ఒకరు మొదలుపెడితే తప్ప జనం నవ్వరు. పడ్డవాడిని చూసి ముందుగా నవ్వడానికి మనుషులకు మొహమాటం. ఆ మొహమాటం తీర్చడం తొమ్మిదేళ్లకే నా మొదటి ఉద్యోగం. “ఏలు సూసి నవ్వాల, మర్సిపోకే” అని నాన్న ప్రతిసారీ చెప్పేవాడు.

ఆ ఏడు మా పక్క ఊళ్లో అమ్మవారి పండగ. మధ్యాహ్నం ఎండలో బూరెల వాసన, తప్పెటగుళ్ల మోత, వేపమండల పచ్చివాసన. నాన్నది కల్లుదొంగ వేషం. పాతిన తాటిదుంగ ఎక్కి ముంతలో మూతి పెట్టడం, కందిరీగలు కుట్టడం, కిందపడడం. కింద మందంగా గడ్డి పరిచి పైన చాపలు కప్పారు. చాపల కిందికి మూతి దూర్చి, అక్కడే కట్టేసిన ఎడ్లజత పొద్దుటినుంచీ ఆ గడ్డిని తీరిగ్గా తింటూనే ఉందని ఎవరూ చూడలేదు. చాపలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఆ రోజు నా పక్కన మా క్లాసు మంగ కూర్చుంది. వాళ్లది ఊళ్లో పెద్ద బట్టల కొట్టు. మా నాన్న పని ఏమిటని బడిలో అడిగి అందరినీ నవ్వించిన పిల్ల. ఇవాళ ఇంత జనం నా నవ్వు కోసం ఆగుతారని దానికి చూపించాలి. అంతే, అంతకన్నా పెద్ద కారణం లేదు.

నాన్న నేలను తాకాడు. ఎక్కాడు. కందిరీగల్ని తోలుకున్నాడు. పడ్డాడు. చప్పుడు కొంచెం వేరుగా వచ్చింది. నేను వేలు చూడలేదు, మంగ మొహం చూశాను, చూస్తూ పకపకా నవ్వాను. వెంటనే మంగ నవ్వింది, వరస నవ్వింది, ఊరు నవ్వింది. తెర పక్కనుంచి అమ్మ జుట్టు విడిపోయి పరుగెత్తుకొచ్చింది. అదీ ఆటలో భాగమే అనుకుని జనం ఇంకా గట్టిగా నవ్వారు, కొందరు ఈల వేశారు. అమ్మ ఆయన ఎడమపాదాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఆ వేలును తనే కదుపుతోంది.

నులకమంచం మీద మోసుకెళ్లి, ఎవరిదో ట్రాక్టరు మీద శ్రీకాకుళం ఆసుపత్రికి చేర్చారు. తుంటి ఎముక విరిగింది. మూడోరోజు, అమ్మ గంజి తేవడానికి వెళ్లినప్పుడు, నాన్న నన్ను దగ్గరికి పిలిచాడు.

“ముందు నవ్విందెవులే?”

“నానే నవ్వినాను.”

“ఏలు సూసినావా?”

“నేదు.”



“జనం బాగా నవ్వినారేటి?”

“సాలాసేపు నవ్వినారు.”

“అయితే పరవానేదు. మీ అమ్మకి సెప్పకు.”

చెప్పలేదు. ఆయనా చెప్పలేదు. ఆ రహస్యాన్ని ఇద్దరం ముప్పయ్యేళ్లు ఇంట్లో పెట్టుకుని, అన్నం తినేటప్పుడు కూడా దానికి కాస్త చోటిచ్చి కూర్చున్నాం. నాన్న మళ్లీ ఏదీ ఎక్కలేదు. కర్ర ఊతతో స్టేజీ మీదికొచ్చి, కుర్చీలో కూర్చునే వేషాలు వేశాడు. తాను పడిన కథే చెప్పి జనాన్ని నవ్వించేవాడు, చెప్పిన ప్రతిసారీ ఎడ్లు ఇంకొంచెం ఎక్కువ గడ్డి తినేవి. ముందుగా నవ్విన పిల్ల మాత్రం ఆ కథలో ఏనాడూ లేదు. ఎడమకాలి వేలు మరి కదల్లేదు. ఒకరోజు అరుగు మీద కుడికాలు చాపి, బొటనవేలు రెండుసార్లు ఆడించి, “ఒలే పైడీ, ఇకమీదట ఇదీ” అన్నాడు. ప్రమోషను ఇచ్చినంత గంభీరంగా.

రెండేళ్ల క్రితం ఒక ఉదయం ఆయన మంచంలోనే పోయాడు. వాకిట్లో చాప మీద పడుకోబెట్టి, అలవాటు ప్రకారం కాలి బొటనవేళ్లు రెండూ కలిపి కట్టడానికి మా చిన్నాన్న గుడ్డపీలిక చించాడు. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“ఒక రవ్వ ఆగు బాబూ. పైడీ, నువ్వు సూడే. నాకు కళ్లు ఆనటం నేదు.”

అందరూ ఆగారు. నేను పాదాల దగ్గర కూర్చుని కుడికాలి వేలు వంక చూశాను. చాలాసేపు చూశాను. ఈసారి తొందరపడలేదు. తర్వాత అమ్మ వైపు తిరిగి తల ఊపాను, చిన్నాన్న కట్టాడు.

ఇప్పుడు కల్లుదొంగ వేషం లేదు, నేలకు చెప్పి పడేవాళ్లు లేరు, ఆ కళ్లాల్లో ఇళ్ల ప్లాట్ల రాళ్లు పాతారు. పడడం మాత్రం ఎక్కడికీ పోలేదు. మా కాలేజీ పిల్లలు ఫోన్లు పట్టుకొచ్చి “మేడం, ఇది చూడండి” అంటారు. మెట్ల మీంచి ఎవరో, బండి మీంచి ఎవరో, పెళ్లిలో కుర్చీ విరిగి ఎవరో పడతారు. పిల్లలు పడీ పడీ నవ్వుతారు. ఆ వీడియోలన్నీ మనిషి నేలకు తగలగానే అయిపోతాయి. ఆ తర్వాత కాలు కదిలిందో లేదో ఎవరూ తీసి ఉంచరు. నేను ఫోను ఇంకాసేపు చేతిలోనే ఉంచుకుంటాను. మేడంకి జోకు అర్థం కాలేదనుకుని, పిల్లలు పాపం మళ్లీ మొదటినుంచి వేసి చూపిస్తారు.