రోబో కన్ను

బిలాస్‌పూర్ స్టేషన్‌లో బండి ఆలస్యం. వెయిటింగ్ హాల్లో నా పక్కన, డ్యూటీ దిగిన గార్డొకాయన ఫోన్లో ఓ హిందీ బొమ్మల కథ కింద అభిమానుల మాటలు చదువుతూ నిట్టూరుస్తున్నాడు. కథలో విలన్ కుట్రలు పన్నే రోబో. వచ్చే భాగంతో కథ అయిపోతుందట.

“ఏటి బాబూ ఈళ్లు! ఒకడు ముంచేయమంటాడు, ఒకడు తుక్కు కింద అమ్మేయమంటాడు. ఆడు బతకాలని రాసినోణ్ని నేనొక్కణ్నే.”

“దుర్మార్గుడి మీద అంత ప్రేమేంటి బాబాయ్?”

“నా కూతురు పుణేలో ఉంటాది. ఆడి గురించి పోట్లాడ్డానికే ఆదివారం ఫోన్ సేత్తాది. ఆడు పోతే ఇంకేటి మాటాడతాం?”

దుకాణాల మధ్య పెరిగినవాణ్ని. టీ కొట్టులోనూ బేరమాడి తిట్లు తింటాను. అలవాటు ఊరుకోలేదు.

“బతకనివ్వమంటే ఎవరూ ఒప్పుకోరు. చావుకి సరే అనండి. ఒక్క కన్ను మాత్రం వెలుగుతూ ఉంచమనండి.”

“అచ్ఛా!” అంటూ ఆయన అలసిన వేళ్లతో అదే రాశాడు.

తరువాత ఆ చివరి భాగం వెతికి చూశాను. రోబో ముక్కలైంది, కన్నూ ఆరిపోయింది. నా బేరం కుదరలేదు. కింద ఆయన రాసిన మాటకు మాత్రం ఎవరో హిందీలో జవాబిచ్చారు: “ఆరలేదు నాన్నా, కన్ను మూసుకున్నాడంతే. ఆదివారం తేల్చుకుందాం.”