బెల్లం పరుగెత్తిన చలికాలం

మొన్న అమ్రాబాద్ నుంచి ఒక రైతు తన ఎద్దు వీడియో పంపాడు. కుంటుతోంది. "సారూ, ఏం మందెయ్యాల్నో జర చెప్పుండ్రి" అన్నాడు. "నేనొచ్చేదాంక ఏం పెట్టకు" అని చెప్పి పొద్దున్నే బస్సెక్కాను. పశువుల దవాఖానలో కాంపౌండరుగా రిటైరై నాలుగేళ్ళయింది. ఇప్పుడు ఆ ఎద్దు కాళ్ళకంటే నా మోకాళ్ళే అధ్వానం. "ఫోన్ల చెప్తె అయిపోయేదానికి గంత దూరం పోవుడేంది?" అని మా ఇంటావిడ రుసరుసలాడింది. చూడకుండా ఎందుకు చెప్పనో ఆమెకు తెలుసు. అయినా ప్రతిసారీ అడుగుతుంది, ప్రతిసారీ టిఫిను డబ్బా కట్టి ఇస్తుంది.

మా చిన్న మామూ, అంటే అమ్మ తమ్ముడు, గద్వాల స్టేషన్ బయట టాంగా నడిపేవాడు. ఎక్కినవాళ్ళతో ఉర్దూ, గుర్రంతో తెలుగు మాట్లాడేవాడు. ఇదేం పద్ధతని అడిగితే "దాన్ని గట్టు ఊరి రైతు దగ్గర కొన్న బేటా, దానికి ఉర్దూ యాడొస్తది" అనేవాడు. ఆటోలు వచ్చి టాంగా మూలపడ్డాక ఆయన చేతులు ఊరికే ఉండలేకపోయాయి. హైదరాబాద్‌లో పందెపు గుర్రాలను తయారుచేసే ఒక ట్రైనరు దగ్గర సాయీసుగా చేరాడు. గుర్రాలను తోమడం, మేపడం, పందెం రోజున కళ్ళెం పట్టి నడిపించుకు పోవడం ఆయన పని. మామీ గద్వాలలోనే ఉండిపోయింది. ఫోన్ చేస్తే ముందు గుర్రాలేం తిన్నాయో చెప్పి, ఆ తర్వాత "నువ్వు తిన్నవా?" అంటాడని ఆమె నాతో చెప్పుకుని నవ్వేది. నవ్వులో కొంత నిజమైన కోపమూ ఉండేది.

ఏడేళ్ళ కిందటి చలికాలం సీజన్‌కు ఆయన చేతికి మూడు పిల్ల గుర్రాలొచ్చాయి. మూడూ రెండేళ్ళవే, పందెం అంటే ఏమిటో ఎరగనివే. కాగితాల మీద వాటికి మూరెడేసి ఇంగ్లీషు పేర్లు. మామూకు నోరు తిరగక తనే పేర్లు పెట్టుకున్నాడు. నల్లటిది బొగ్గు, బూడిదరంగుది మబ్బు, ఎర్రటి ఆడపిల్ల బెల్లం. పశువుల దవాఖానలో పనిచేస్తాను కాబట్టి ఆయన లెక్కలో నేను డాక్టరును. కాదని చాలాసార్లు చెప్పాను. మరీ గట్టిగా మాత్రం చెప్పలేదు.

మొదటి పందేనికి నన్ను రమ్మన్నాడు. బొగ్గు, గేటు తెరుచుకున్నా ఎవరినో పిలుస్తున్నారనుకున్నట్టు అక్కడే నిలబడింది. జనం నవ్వారు. మామూ నవ్వలేదు. ఇంకో పందెంలో మబ్బు ఎక్కడో మధ్యలో వచ్చింది. బెల్లం మాత్రం చివర్నుంచి ఒక్కొక్కదాన్నీ దాటుకుంటూ వచ్చి రెండోదిగా నిలిచింది. ఆ తర్వాతి రెండు పందేలూ గెలిచింది. నేను నాగర్‌కర్నూల్‌లో బర్రెకు సూది వేసి చేతులు కడుక్కుంటూ ఫోన్లో చూసేవాణ్ణి. దవాఖానలో అందరికీ బెల్లం తెలుసు. మంచిదని పేరు వచ్చింది. డిసెంబరు చివర్లో పిల్ల గుర్రాల పెద్ద పందెంలో అదే గెలుస్తుందని పేపర్లు రాశాయి.

ఆ పందేనికి మూడు రోజుల ముందు మధ్యాహ్నం మామూ ఫోన్ చేశాడు.

"బేటా, ముందలి ఎడమ కాలు, గిట్ట మీది కీలు కాడ జర వేడిగుంది. కుంటుతలేదు. గాని చెయ్యి పెడితె ఎట్లనో ఉంది."

"వాపుందా?"

"లేదు."

"ఏం గాదు మామూ. దౌడుకు నరం పట్టుంటది. పూటపూటకు సల్లనీళ్ళు కొట్టు."

"డాక్టర్ సాబ్‌కు చెప్పాల్నా?"

"చెప్తె పందెం ఆపుతరు. ఉత్తగ పరేషాన్ గాకు."

"అచ్ఛా" అన్నాడు. ఆ "అచ్ఛా"లో ఏదో బరువు దిగినట్టు వినిపించింది. నాకు గర్వంగా కూడా ఉంది. పందెపు గుర్రానికి వైద్యం చెప్పానని పక్కనున్న అటెండరుకు చెప్పుకున్నాను.

చల్లనీళ్ళు పనిచేశాయి. పందెం రోజు పొద్దున డాక్టరు కాళ్ళు తడిమి చూస్తే వేడి తగల్లేదు. ట్రైనరు అడిగితే మామూ "బాగుంది సాబ్" అన్నాడు.

ఫోన్లో చూశాను. మలుపు దగ్గర బెల్లం మూడోది. తిన్నటి దారిలోకి రాగానే ముందుకొచ్చింది. నేను కుర్చీలోంచి లేచాను. అంతలో దాని తల ఒక్కసారి కిందికి ఊగింది. జాకీ కళ్ళెం బిగలాగి లేచి నిలబడ్డాడు. మిగతా గుర్రాలు దాన్ని దాటేశాయి. కెమెరా వాటి వెంటే పోయింది.

సాయంత్రం మామూ ఫోన్. "కీలు పలిగింది బేటా. ఇగ బతకదని సూదిచ్చిన్రు. నేను తల వట్టుకొని కూసున్న." అంతే అన్నాడు. నేను చెప్పిన వైద్యం మాట ఎత్తలేదు.

సీజన్ సగంలోనే పని మానేసి గద్వాలకు వచ్చేశాడు. ఫిబ్రవరిలో బొగ్గు ఒక పందెం గెలిచింది. ఆయనకు చెప్పలేదు. అసలు గద్వాల వైపే పోలేదు. మామీ రెండుసార్లు పిలిచినా ఏవో డ్యూటీలు చెప్పాను. చివరికి మార్చిలో వెళ్ళాను. మామూ గుమ్మంలో కూర్చుని వేరుశెనగ కాయలు ఒలుస్తున్నాడు. కూర్చోకుండానే అనేశాను. "మామూ, నేను కాలు చూడకుండ చెప్పిన. తప్పు నాది."

ఆయన ఒలవడం ఆపలేదు. "నువ్వు జూడలే బేటా. నేను జూసిన. యాభై ఏండ్ల సంది గుర్రాలను పట్టిన చెయ్యి ఇది, దీనికి తెల్వదా? తెలుసు. ఏం గాదని ఎవరన్న చెప్తె బాగుండనిపించి నీకు ఫోన్ చేసిన." ఇంకో కాయ ఒలిచి మళ్ళీ అన్నాడు. "అది గెలిస్తె సూడాలని ఉండె."

మామీ చాయ్ తెచ్చింది. ముగ్గురం తాగాం. నన్ను తేలిక చేయడానికి చెప్పాడో, నిజమే చెప్పాడో ఇప్పటికీ తెలియదు. అడగడానికి ఆయన లేడు, పోయి మూడేళ్ళయింది.

పందెపు గుర్రాలు ఏ నెలలో పుట్టినా, అన్నింటికీ జనవరి ఒకటినే వయసు ఒక ఏడాది పెరుగుతుందని ఆ మార్చిలో చాయ్ తాగుతూనే మామూ చెప్పాడు. ఇంకో నాలుగు రోజులు ఉండుంటే బెల్లానికి మూడేళ్ళు. అప్పట్నుంచి కొత్త సంవత్సరం నాడు వీధిలో పిల్లలు కేకలేస్తుంటే నేను లోపల దాని వయసుకో ఏడాది కలుపుకుంటూ వస్తున్నాను. ఈసారి తొమ్మిది అయింది. పందేలు మానేసి ఎక్కడో గడ్డి మేస్తూ ఉండాల్సిన వయసు.